ఇంగ్లీషులో కాదు, లేదు, వద్దు
(సంఘ వార్షిక సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



చదువు గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యవర్గము వారు మమ్మల్ని కోరినారు. విద్య గొప్పతనము గురించి మన పెద్దలు ఈ వేదిక మీదనే ఎన్నోసార్లు చెప్పి ఉన్నారు. మేము బడిపంతుళ్ళము. మాకు చేతనైనది పాఠము చెప్పడమే. కనుక ఈ రోజు ఒక చిన్న పాఠమే చెప్పదలచినాము. ఇంగ్లీషులో "కాదు" అని ఎలా చెప్పాలి, "లేదు" అని ఎలా చెప్పాలి, "వద్దు" అని ఎలా చెప్పాలి అన్నదే ఆ పాఠము. ఇదేమి పాఠము, ఒక్క "నో" అంటే సరిపోదా అని కొందరు నవ్వుకోవచ్చును. సరిపోదని మా మనవి. సరిపోకపోవడము వల్ల ఉద్యోగాలు పోవచ్చు, ఒక్కోసారి ప్రాణము మీదికి కూడా రావచ్చు. అందుకే ఇంతమంది పెద్దల ఎదుట ఈ చిన్న సంగతి ఎత్తుకొన్నాము.

మన ఇళ్ళల్లో ఒక మాట తరచు వినపడుతుంది. "ఉర్దూ మీడియములో వేస్తే పిల్లవాడికి ఇంగ్లీషు రాదు" అని. ఆ భయముతో కొందరు తల్లిదండ్రులు శక్తికి మించి ఫీజులు కట్టి పిల్లలను మారుస్తారు. కట్టలేనివారు "వీడి రాత ఇంతే" అని ఊరుకుంటారు. రెండూ చూస్తే మాకు బాధగా ఉంటుంది. ఎందుకంటే పిల్లలు ఎక్కడ తడబడతారో మేము రోజూ చూస్తూనే ఉన్నాము. "ఐ వెంట్ టు మార్కెట్" అని చక్కగా చెప్పిన పిల్లవాడే, వెళ్ళలేదు అని చెప్పవలసి వచ్చేసరికి "ఐ నో వెంట్" అంటాడు, లేకపోతే "ఐ డిడ్ నాట్ వెంట్" అంటాడు. ఔను అనే వాక్యము వస్తుంది, కాదు అనే వాక్యము రాదు. తెలుగు మీడియము పిల్లలు కూడా ఇక్కడే ఆగుతారు. అంటే తప్పు మీడియముది కాదన్నమాట. ఆ ఒక్క మెట్టు ఎవరూ కూర్చోబెట్టి చెప్పకపోవడమే కారణము. ఆ మెట్టు పేరు సహాయక క్రియ.

సహాయక క్రియ అంటే ఏమిటి? మన ఊరి ఉదాహరణే చెప్తాము. మన ఓడరేవును 1933లో తెరచినారు. ఇన్నర్ హార్బరులోకి పెద్ద ఓడ వస్తున్నప్పుడు మీలో చాలామంది చూసే ఉంటారు. ఓడ ఎంత పెద్దది, దాని ఇంజను ఎంత బలమైనది! అయినా ఇరుకు దారిలో మలుపు తిరగాలంటే, బెర్తుకు ఆనుకోవాలంటే చిన్న టగ్గు బోట్లు వచ్చి నెట్టాలి, లాగాలి. ఇంగ్లీషు వాక్యములో ముఖ్యమైన క్రియ పెద్ద ఓడ లాంటిది. గో, కమ్, ఈట్, వర్క్ ఇవన్నీ పెద్ద ఓడలు. తిన్నగా పోయేటప్పుడు వాటంతట అవే పోతాయి. "కాదు" వైపు తిరగాలంటే మాత్రము టగ్గు కావాలి. ఆ టగ్గులే డూ, డస్, డిడ్.

టగ్గు వచ్చినప్పుడు ఒక సంగతి జరుగుతుంది. కాలము, మనిషి అనే రెండు గుర్తులూ ఓడ మీద నుంచి దిగి టగ్గు ఎక్కుతాయి. "హి వెంట్" అన్నప్పుడు జరిగిపోయిన కాలము "వెంట్" లో ఉన్నది. "హి డిడ్ నాట్ గో" అన్నప్పుడు ఆ కాలము "డిడ్" లోకి వచ్చేసింది. ఓడ మళ్ళీ ఒట్టి "గో" అయిపోయింది. "షి వర్క్స్" అన్నప్పుడు చివర "స్" ఉన్నది. "షి డస్ నాట్ వర్క్" అన్నప్పుడు ఆ "స్" డూ కి అంటుకొని డస్ అయింది. ఒక గుర్తు ఒక్క చోటే ఉంటుంది, రెండు చోట్ల ఉండదు. ఈ ఒక్క ముక్క పిల్లవాడికి పట్టుబడితే "డిడ్ నాట్ వెంట్", "డస్ నాట్ వర్క్స్" అనేవి జన్మలో అనడు.

మరి టగ్గు అవసరము లేని మాటలు కూడా ఉన్నాయి. ఆమ్, ఈజ్, ఆర్, వజ్, వర్ అయిదు. హ్యావ్, హ్యాజ్, హ్యాడ్ మూడు. డూ, డస్, డిడ్ మూడు. కెన్, కుడ్, విల్, వుడ్, షల్, షుడ్, మే, మైట్, మస్ట్ తొమ్మిది. మొత్తము ఇరవై. వాక్యములో ఈ ఇరవైలో ఒకటి సహాయకముగా ఉంటే దాని వెనకాలే "నాట్" పెట్టండి, పని అయిపోయింది. "హి ఈజ్ నాట్ ఎ డ్రైవర్." "ఐ హ్యావ్ నాట్ సీన్ హిమ్." "షి కెన్ నాట్ కమ్." ఏదీ లేకపోతే డూ కుటుంబాన్ని పిలవండి. ఒక్క జాగ్రత్త. "హ్యావ్" అంటే "నా దగ్గర ఉంది" అని అర్థము వచ్చినప్పుడు అది కూడా పెద్ద ఓడే. కనుక "ఐ డూ నాట్ హ్యావ్ ఎ పెన్" అనాలి. ఇంతే వ్యాకరణము.

ఇంత సులువైనది పిల్లలకు ఎందుకు కష్టమవుతున్నది? వాళ్ళు ఇంట్లో మాట్లాడే భాషలు వేరే దారిలో నడుస్తాయి కాబట్టి. 1966లో ఈ నగరములో మారుమోగిన నినాదము మనందరికీ తెలుసు: "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు". అందులో హక్కు అనే మాట మన అరబ్బీ "హఖ్" నుంచే తెలుగులోకి వచ్చింది. ఆ సంగతి అలా ఉంచి, నినాదములో క్రియ ఎక్కడ ఉన్నదో వెతకండి. ఎక్కడా లేదు. తెలుగుకు అక్కర్లేదు. అదే ఇంగ్లీషులో చెప్పాలంటే మధ్యన "ఈజ్" లేనిదే వాక్యము నిలబడదు. మన పిల్లవాడు "మై ఫాదర్ ఫిట్టర్" అంటాడంటే తెలుగు పద్ధతిలో సరిగ్గానే ఆలోచించినాడు. ఇంగ్లీషు అడిగే సుంకము కట్టలేదు, అంతే.

తెలుగులో "కాదు" అనడము క్రియ లోపలనే ఉంటుంది. వస్తాడు, రాడు. చేస్తాడు, చెయ్యడు. విడిగా మాట ఏదీ పెట్టనవసరము లేదు. ఈ తెలుగు ఎంత సూక్ష్మమైనదో చూడండి. "వాడు రాలేదు" అంటే డిడ్ నాట్ కమ్. "వాడు రాలేడు" అంటే కెన్ నాట్ కమ్. ఒక్క అక్షరములో అర్థము మారిపోయింది. "రావద్దు" అంటే డూ నాట్ కమ్. "రాకూడదు" అంటే మస్ట్ నాట్ కమ్. "రానక్కర్లేదు" అంటే నీడ్ నాట్ కమ్. "రాడు" అనే మాటకు మాత్రము ఇంగ్లీషులో రెండు దారులు. "అన్నయ్య శుక్రవారము డ్యూటీకి రాడు" అంటే అలవాటు కనుక డస్ నాట్ కమ్. "రేపు రాడు" అంటే విల్ నాట్ కమ్. ఇన్ని భేదాలు తెలిసిన పిల్లవాడి చేత అన్నిటికీ ఒక్క "నో" అనిపించడము అన్యాయము కాదా?

ఉర్దూ సంగతి ఇంకా విచిత్రము. "వో ఆతా హై" అంటాము. కాదన్నప్పుడు "వో నహీఁ ఆతా" అంటాము. "హై" మామూలుగా జారిపోతుంది. అంటే ఉర్దూలో "నహీఁ" రాగానే సహాయక క్రియ వెళ్ళిపోతుంది. ఇంగ్లీషులో "నాట్" రావాలంటే లేని సహాయక క్రియ కూడా రావాలి. సరిగ్గా తలకిందులు! "హి నాట్ కమ్" అనే మన పిల్లవాడు ఉర్దూ లెక్క ఇంగ్లీషులో వేస్తున్నాడు. ఈ తేడా ఒకసారి బోర్డు మీద పక్కపక్కన రాసి చూపిస్తే పెద్ద తరగతి పిల్లలు వెంటనే పట్టేస్తారు. ఉర్దూ రావడము అడ్డంకి కాదు, ఉర్దూతో పోల్చి చెప్పకపోవడమే అడ్డంకి.

ఇంకొక ఆశ్చర్యము చెప్తాము. అరబ్బీ నేర్చుకొన్న పిల్లలకు ఈ పాఠము సగము ముందే వచ్చు. అరబ్బీలో కాదనే మాట కాలాన్ని బట్టి మారుతుంది. జరగబోయే దానికి "లన్", జరిగిపోయిన దానికి "లమ్". "జహబ" అంటే వెళ్ళినాడు. వెళ్ళలేదు అనాలంటే "లమ్ యజ్‌హబ్" అంటారు. చూడండి, భూతకాలము "లమ్" మోస్తున్నది. క్రియ మాజీ రూపము వదిలి ముజారె రూపములోకి వచ్చింది. "డిడ్ నాట్ గో" లో జరిగినది అచ్చముగా ఇదే కదా! సూరా ఇఖ్లాస్ నాలుగు ఆయతులలో "లమ్" మూడుసార్లు వస్తుంది. మన పిల్లలు అయిదారేళ్ళ వయసు నుంచీ దానిని చదువుతున్నారు. మన కలిమాయే "లా" అనే మాటతో మొదలవుతుంది. కాదు అనడము ఎంత బరువైన పనో మనకు వేరే చెప్పాలా?

ఇంగ్లీషు వారికి కూడా ఈ డూ పద్ధతి పుట్టుకతో వచ్చినది కాదు. వెనకటి ఇంగ్లీషులో "ఐ గో నాట్", "ఐ నో నాట్" అనడము మామూలే. షేక్‌స్పియర్ (1564–1616) నాటకాలలో పాత పద్ధతి, డూ పద్ధతి రెండూ పక్కపక్కనే కనిపిస్తాయి. క్రమేణా డూ నిలబడింది. డెన్మార్కు పండితుడు ఓటో యెస్పర్సన్ 1917లో ఇంగ్లీషులోను, ఇతర భాషలలోను కాదనే మాటలు ఎలా మారుతూ వచ్చాయో ఒక పుస్తకమే రాసినాడు. వాళ్ళకు తరాలు పట్టింది. మన పిల్లలకు రెండు నెలలు ఇవ్వలేమా?

ఇప్పుడు అసలు ప్రమాదము దగ్గరకు వస్తున్నాము. దయచేసి కార్ఖానాలలో, డాకుల్లో పని చేసే సోదరులు శ్రద్ధగా వినండి.

"అన్నం తినలేదా?" అని ఎవరైనా అడిగితే మనము "అవునండీ, తినలేదు" అంటాము. ఉర్దూలో "జీ హాఁ, నహీఁ ఖాయా" అని కూడా అంటాము. అడిగినవారి మాటకు ఒప్పుకొంటున్నామని అర్థము. ఇంగ్లీషులో అలా కుదరదు. అక్కడ యస్ అనేది అడిగినవారి మాటకు కాదు, మన వాక్యానికి అంటుకొంటుంది. తిన్నాము అంటే "యస్, ఐ హ్యావ్". తినలేదు అంటే "నో, ఐ హ్యావ్ నాట్". ప్రశ్నలో నాట్ ఉన్నా లేకపోయినా జవాబు మారదు.

ఒక ఫిట్టరు యంత్రము దగ్గర ఉన్నాడనుకోండి. దూరము నుంచి వేరే రాష్ట్రానికి చెందిన ఇంజనీరు "హ్యావెంట్ యూ స్విచ్డ్ ఆఫ్ ది పవర్?" అని అడిగినాడు. కరెంటు ఆపలేదా అని. మన ఫిట్టరు మనసులో "అవును సార్, ఇంకా ఆపలేదు" అనుకొని "యస్ సార్" అన్నాడు. ఇంజనీరుకు వినపడినదేమిటి? ఆపేసినాను అని! తరువాత ఏమి జరుగుతుందో చెప్పడానికి నోరు రాదు. అల్లాహ్ అందరినీ కాపాడుగాక. ఇద్దరూ తెలివైనవారే, ఇద్దరూ నిజమే చెప్పుకొన్నారు. మధ్యన ఉన్నది ఒక్క "యస్".

ఇది మా బడి గొడవ మాత్రమే అనుకోకండి. ప్రపంచ నౌకా వ్యవహారాలు చూసే అంతర్జాతీయ సముద్ర సంస్థ లండనులో ఉన్నది. దేశదేశాల నావికులు ఒకరి ఇంగ్లీషు ఒకరికి అర్థము కాక ప్రమాదాలు జరుగుతున్నాయని, ఆ సంస్థ 2001లో ఓడల మీద వాడవలసిన ప్రామాణిక వాక్యాల సంపుటి ఒకటి ఆమోదించింది. అందులో రెండు నియమాలు మన పాఠానికి సంబంధించినవి. ఒకటి, ప్రశ్నకు ఒట్టి యస్, ఒట్టి నో చెప్పి ఊరుకోకూడదు. దాని వెనుక పూర్తి వాక్యము చెప్పాలి. రెండు, మే, మైట్, షుడ్, కుడ్ వంటి సహాయక క్రియలతో జాగ్రత్త. "మే" అంటే అనుమతి అడుగుతున్నాడా, రావచ్చును అంటున్నాడా, వస్తానంటున్నాడా తెలియదు. అందుచేత అనుమతి కావాలంటే అనుమతి అనే మాటతోనే అడగమని, వస్తున్నానంటే "విల్" తో చెప్పమని అందులో ఉన్నది. మన రేవుకు వచ్చే ఓడల కెప్టెన్లకే ఈ పాఠము అవసరమైతే, మన పిల్లలకు అవసరము కావడములో నామోషీ ఏమున్నది?

ఇంకొక జత ఉన్నది. మస్ట్ నాట్, నీడ్ నాట్. మస్ట్ అంటే "తప్పక చెయ్యాలి" అని నేర్చుకొన్న పిల్లవాడు, మస్ట్ నాట్ అంటే "తప్పనిసరి కాదు" అనుకొంటాడు. అది పొరపాటు. మస్ట్ నాట్ అంటే కూడదు, నిషేధము. తప్పనిసరి కాదు అనడానికి నీడ్ నాట్ అనాలి, లేదా డూ నాట్ హ్యావ్ టు అనాలి. మన పిల్లలకు దీనిని రోజాతో చెప్తే మరిచిపోరు. ప్రయాణములో ఉన్నవారు, జబ్బుగా ఉన్నవారు రంజానులో ఆ రోజు రోజా ఉండనక్కర్లేదు, తరువాత తీర్చుకోవచ్చు. అది నీడ్ నాట్. ఈదుల్ ఫిత్ర్ నాడు రోజా ఉండకూడదు. అది మస్ట్ నాట్. ఇప్పుడు కార్ఖానా గేటు దగ్గర బోర్డు మీద "యూ మస్ట్ నాట్ ఎంటర్" అని ఉంటే, లోపలికి వెళ్ళనక్కర్లేదు అని కాదు, వెళ్ళనే కూడదు అని చిన్న పిల్లవాడు కూడా చెప్పగలడు.

ఇంటర్వ్యూలకు వెళ్ళే యువకులకు ఒక మాట. "డోంట్ యూ నో వెల్డింగ్?" అని అడిగితే కంగారు పడి నో అనకండి. తెలుసు కదా! "యస్ సార్, ఐ డూ" అనండి. "డూ యూ మైండ్ నైట్ షిఫ్ట్?" అని అడిగితే, మీకు అభ్యంతరము ఉందా అని అర్థము. అభ్యంతరము లేకపోతే "నో సార్, ఐ డూ నాట్" అనాలి. అక్కడ సంతోషముగా యస్ అంటే, నైట్ షిఫ్టు నాకు ఇష్టము లేదని మీరే చెప్పినట్టు. ఫోనులో కెన్, కాంట్ రెండూ ఒకేలా వినపడతాయి. కనుక కుదరదని చెప్పేటప్పుడు "కెన్ నాట్" అని విడదీసి, నిదానముగా పలకండి.

చివరిగా తల్లులకు మా విన్నపము. "మాకు ఇంగ్లీషు రాదు, పిల్లలకు ఏమి చెప్పగలము?" అని మీరు అంటారు. ఈ పాఠానికి మీకు ఇంగ్లీషు రానక్కర్లేదు. మగ్రిబ్ నమాజు తరువాత అయిదు నిముషాలు పిల్లలను కూర్చోబెట్టండి. ఉర్దూలోనో తెలుగులోనో అయిదు ప్రశ్నలు అడగండి. "ఈ రోజు బడికి వెళ్ళలేదా?" "నీకు ఆకలిగా లేదా?" "చాచా రాలేదా?" జవాబు ఇంగ్లీషులో, పూర్తి వాక్యములో చెప్పమనండి. మీరు చెవిపెట్టి రెండే రెండు సంగతులు వినండి. యస్ అని మొదలుపెడితే ఆ వాక్యములో "నాట్" గాని "ంట్" గాని వినపడకూడదు. నో అని మొదలుపెడితే తప్పకుండా వినపడాలి. "యస్, ఐ డిడ్ నాట్" అన్నాడా, మళ్ళీ చెప్పించండి. "నో, ఐ డిడ్" అన్నాడా, మళ్ళీ చెప్పించండి. అక్షరము రాని తల్లి కూడా ఈ తప్పు పట్టుకోగలదు. తల్లి తప్పు పట్టుకొన్నదంటే పిల్లవాడికి కూడా గౌరవము, పట్టుదల పెరుగుతాయి.

సంఘము వారికి కూడా ఒక ప్రార్థన. ప్రతి సంవత్సరము పుస్తకాలు, నోట్సులు పంచుతున్నారు. అది చాలా మంచి పని. దానితో పాటు వేసవి సెలవులలో ఆరు వారాలు సాయంకాలము తరగతి ఒకటి పెట్టండి. పదవ తరగతి దాటిన మన అమ్మాయిలు, అబ్బాయిలు చిన్నవారికి ఈ ఇరవై మాటలు నేర్పితే చాలు. చెప్పేవారికి కూడా పాఠము గట్టిపడుతుంది. డ్యూటీ దిగి వచ్చే పెద్దలు కూడా వెనక బెంచీ మీద కూర్చోవచ్చు, సిగ్గు పడవలసిన పని లేదు. మేము, మా తోటి ఉపాధ్యాయులము రాగలిగినన్ని రోజులు వస్తాము.

ఉర్దూ మన ఇంటి భాష, తెలుగు మన ఊరి భాష, అరబ్బీ మన ప్రార్థన భాష. ఈ మూడూ తెలిసిన పిల్లలకు ఇంగ్లీషు నాలుగవది. మూడు మెట్లు ఎక్కినవాడు నాలుగో మెట్టు దగ్గర ఆగిపోవలసిన అవసరము లేదు. ఎక్కడ కాలు పెట్టాలో చూపించవలసిన బాధ్యత మన అందరిది.

 అల్లాహ్ మన పిల్లల విద్యను వృద్ధి చేయుగాక. ఆమీన్. సెలవు.